కొర్రమట్ట పాఠం

మా బీఈడీ కాలేజీలో పొద్దున ప్రార్థన అయ్యాక కూడా ప్రిన్సిపాల్ సారు మైకు వదలకుండా నిలబడ్డాడంటే ఆ పూట ఎవరిదో పరువు పోతుందని అర్థం. ఆ రోజు నాది పోయింది.

“రికార్డులు ఇంకా ఇయ్యనోళ్లు ఉన్నరు,” అన్నాడు సారు. “అడిగి అడిగి మా నోళ్లు నొస్తున్నయి. ఇగ అడగం. గురువారం పట్నం నుంచి కౌన్సిలింగ్ మేడం వస్తది. రేపు, ఎల్లుండి అని జరిపే అలవాటున్నోళ్లు పోయి ఆమెను కలవాలె. కలిసినోళ్లకే ఇంకొన్ని రోజులిస్త. లేకుంటే ఫైనల్ లెసన్ సంగతి మర్చిపోండ్రి.”

తర్వాత రోల్ నంబర్లు చదివాడు. మొదటిది నాదే. వరుసల్లో తలలు నా వైపు తిరిగాయి. కొందరు నవ్వారు. ఎక్కువమంది నమ్మలేదు, సారు పొరపాటున చదివాడనుకున్నారు. నవ్వినవాళ్ల కంటే ఆ నమ్మనివాళ్ల ముఖాలు చూసే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఆ క్లాసులో నన్ను ‘లైబ్రరీ అక్క’ అనేవారు. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయి, ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో కొన్నేళ్లు పనిచేశాను. షాపుకు సెలవు దొరికినప్పుడల్లా, బేరం లేని మధ్యాహ్నాల్లో ఓనరును బతిమాలుకొని, శాఖా గ్రంథాలయానికి పోయేదాన్ని. అక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లు గైడ్ల మీద వంగి కూర్చుంటే, నేను బీరువాల్లో దుమ్ము పట్టిన పుస్తకాలు ఒక్కొక్కటే దింపుకొని చదివాను. చరిత్ర, మొక్కలు, నక్షత్రాలు, మనిషి మనసు గురించి రాసినవి, ఎవరెవరివో ప్రయాణాలు. ఇది చదువు అని చెప్పినవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు. దూరవిద్యలో డిగ్రీ గట్టెక్కి, నా ఈడువాళ్ల పిల్లలు బడికి పోయే వయసులో నేను బీఈడీలో చేరినప్పుడు నాకున్న ఆస్తి ఆ చదువే. సైకాలజీ లెక్చరర్ ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేదాన్ని. ఆయన “పుస్తకం చూసి చెప్పు” అనేవాడు కాదు, “ఏ పుస్తకంల ఉందో గుడ చెప్పు” అనేవాడు. నేను చెప్పేదాన్ని.

అలాంటి నేను రికార్డు ఇవ్వలేదు.

రికార్డంటే మేము బడులకు వెళ్లి చెప్పిన పాఠాల చిట్టా. ఏ ఉద్దేశంతో పాఠం మొదలుపెట్టాం, ఏ చార్టు చూపించాం, పిల్లలు ఏమడిగారు, మేమేం చెప్పాం అన్నీ గీతలు కొట్టి గడుల్లో రాయాలి. చివరి గడిలో మన పాఠం మీద మన సొంత అభిప్రాయం రాయాలి. దాని మీద, వెనక బెంచీలో కూర్చొని మా పాఠం చూసిన లెక్చరర్ సంతకం, ఆ బడి హెడ్మాస్టరు ముద్ర పడాలి. అది లేకపోతే బయటి నుంచి వచ్చే పరీక్షకుల ముందు చెప్పాల్సిన ఫైనల్ లెసన్‌కు రానివ్వరు. ఫైనల్ లెసన్ లేకపోతే బీఈడీ లేదు, బీఈడీ లేకపోతే టీచరు ఉద్యోగం పరీక్షకు దరఖాస్తే లేదు. మా అమ్మేమో అప్పటికే తెలిసినవాళ్లందరికీ ‘మా బిడ్డ టీచరైతుంది’ అని చెప్పుకుని ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా కాలేజీలో చాలామంది రికార్డులు తాము రాసుకునేవారు కాదు. దస్తూరి బాగున్నవాళ్లతో రాయించుకునేవారు. పసిపిల్లల తల్లులు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు, కొందరు ఊరికే బద్ధకస్తులు. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. మా క్లాసులో ఆ దస్తూరి నాది. నేను పైసలు తీసుకునేదాన్ని కాదు, ఛాయ్ తాగిస్తే చాలు. క్యాంటీన్ బల్ల మీద, వాళ్లతో ముచ్చట పెడుతూ, నవ్వుతూ, ఒక్క కొట్టివేత లేకుండా పేజీలకు పేజీలు నింపేదాన్ని. నా బ్యాగులో ఎప్పుడూ ఎవరిదో ఒక రికార్డు ఉండేది. దాని కింద నాది. చక్కగా అట్ట వేసి, పేరు రాసి, లోపల తెల్లగా.

*

సాగర్ రోడ్డు పక్కన, చెరువు కట్టకు పోయే మలుపులో మా అమ్మ చేపలమ్ముతుంది. సాయంత్రం ఆదిభట్ల వైపు నుంచి కంపెనీ బస్సులు వచ్చే వేళకు బేరం జోరందుకుంటుంది. నా క్లాసులోనే ఒక అమ్మాయి ఉండేది, చంకలో ఏడాది నిండని పిల్ల. భర్త ఆ కంపెనీ బస్సు ఒకటి నడిపేవాడు. నన్ను అక్కా అని పిలిచేది. నేను రికార్డు రాసిపెట్టేవాళ్లలో ఆమె ఒకతె. ఆ రోజు ఇంటికి పోతూ పోతూ మా అమ్మ దగ్గర ఆగి, వార్త చేరేసింది.

నేను పోయేసరికి అమ్మ బొచ్చె చేప పొలుసు గీకుతోంది.

“ఏందే, నీకు కౌన్సిలింగ్ అంటగద?” అంది. “తాగి బండి నడిపినోళ్లకిస్తరు, గదేనా?”

చేప కోసం నిలబడ్డాయన పకపకా నవ్వాడు. “అవ్, గదే పెద్దమ్మా. ఇంటోళ్లను గుడ తీస్కరమ్మంటరు. నువ్వు గుడ పోయి కూసోవాలె.”

“నేనెందుకు కూసుంట? నేనేమన్న తాగిన్నా?”

“గది గాదమ్మా,” అన్నాను. “చదువు గురించి మాట్లాడ్తరు.”

అమ్మ కత్తి ఆపి నన్ను చూసింది. “నీకు చదువు గురించి చెప్పేటోళ్లు గుడ ఉన్నరా?”

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నేను నీళ్ల బిందె తీసుకొని బోరింగు వైపు వెళ్లిపోయాను. బిందె అప్పటికే నిండుగా ఉంది.

*

కౌన్సిలింగ్ మేడానికి కాలేజీలో ఇచ్చింది ఆటల సామాను పెట్టే గది. గోడకానించిన క్యారం బోర్డులు, గాలి పోయిన బంతులు. తలుపుకు గొళ్లెం లేదు. మేడం ఒక వాలీబాల్‌ను తలుపుకు అడ్డంగా పెట్టుకుంది. యాభై దాటిన మనిషి, నేత చీర మీద నడకకు వాడే బూట్లు. “కూసో తల్లీ” అని నా కోసం కుర్చీ తానే దులిపింది.

“రికార్డు తెరిచినప్పుడు ఏమైతది నీకు?” అని అడిగింది.

నేను సిద్ధపడే వెళ్లాను. పనులు వాయిదా వేయడానికి పరిపూర్ణత కోసం తపన ఒక కారణమనీ, వైఫల్యం అంటే భయం ఇంకొకటనీ, తక్షణ సుఖం కోసం మనసు దూరపు లాభాన్ని వదులుకుంటుందనీ, ఇవన్నీ చిన్ననాటి పెంపకంతో ముడిపడి ఉంటాయనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మేడం అడ్డురాలేదు. మధ్యలో ఒకసారి తలూపింది కూడా. నాకు సంతోషమేసింది.

“మంచిగ చెప్పినవ్,” అంది నేను ఆపాక. “ఇప్పుడు నీది చెప్పు.”

“చెప్పింది నాదే మేడం.”

“గది పుస్తకానిది.”

ఆమె నన్ను ఇబ్బంది పెట్టకుండా ఒక పని చెప్పింది. ఇంటికి పోయాక రికార్డు తెరవాలి. మొదటి పాఠం కింద చేతికొచ్చినట్టు నాలుగు వాక్యాలు రాయాలి. “కొట్టివేతలుండాలె. సక్కగ రాస్తే నేనొప్పుకోను. రాసి మూసెయ్, గంతే. తెరిచేటప్పుడు నీకు లోపల ఏమనిపిస్తదో జర చూస్కో. గొంతుల్నా, కడుపుల్నా, యాడ పట్టుకుంటదో. నువ్వు సోమరివి గావు తల్లీ. సోమరోళ్లు గింత చదవరు. నువ్వు దేన్నో తప్పించుకుంటున్నవ్. గదేందో దొరికితే పని దానంతటదే కదుల్తది.”

నేను ఆమె చెప్పింది చెయ్యలేదు. లైబ్రరీకి పోయాను.

వాయిదా వేయడం మీద తెలుగులో దొరికిందల్లా తీశాను. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు, పాత పత్రికల ఆదివారం సంచికలు, ఒక వైద్యుడి ప్రశ్నోత్తరాలు. గ్రంథపాలకుడు “ఏం పరీక్షమ్మా ఇది?” అని అడిగాడు. కౌన్సిలింగ్ కోసమని చెప్పడానికి సిగ్గేసి, సెమినారు అన్నాను. చదివిందంతా తెల్ల కాగితాల మీద శీర్షికలు పెట్టి, కింద గీతలు గీసి, అందంగా రాశాను. రికార్డు బ్యాగులోంచి బయటికి రాలేదు. ఆ రోజుల్లో నేను ఎంత ఉత్సాహంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు కూడా ముఖం వేడెక్కుతుంది. వాయిదా వేయడం ఎలా మానాలో చదవడం కోసం రాయాల్సినదాన్ని వాయిదా వేశాను, అదీ ఎవరో నన్ను మెచ్చుకుంటారన్న ఆశతో.

మళ్లీ గురువారం వచ్చింది.

“రాసినవా?” అంది మేడం.

“రాసిన మేడం.” కాగితాలు చేతికిచ్చాను.

ఆమె కళ్లజోడు పెట్టుకొని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇది ఇంకా అవమానం. ఊరికే పక్కన పడేసినా బాగుండేది.

“అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయి,” అంది. “నేను అడిగింది ఇదేనా?”

నేను క్యారం బోర్డు చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకొని నా స్నేహితురాలు లోపలికి వచ్చింది, చంకలో పిల్లతో. అడ్డం పెట్టిన బంతి దొర్లుకుంటూ గది మూలకు పోయింది.

“అక్కా, నా రికార్డు అయిందా? రాసినకాడికి సారు రేపు సంతకం పెడ్తనన్నడు.” అప్పుడు మేడాన్ని చూసింది. “అయ్యో, సారీ మేడం. ఒక్క నిమిషం, గంతే.”

నేను తీసిచ్చేలోపు ఆమే నా బ్యాగులోంచి తన రికార్డు లాక్కుంది. మేడం చెయ్యి చాపి, ఒకసారి ఇమ్మంది. నా కాగితాలు ఒక చేతిలో, ఆమె రికార్డు ఒక చేతిలో పట్టుకొని చూసింది. రెండింటిలోనూ ఒకే దస్తూరి, అడగడానికేం మిగల్లేదు.

“ఈమెది రాసేటప్పుడు చెయ్యి ఆగదా నీకు?”

“ఆగదు మేడం.”

“తప్పు పోతే?”

“పోతే ఆమె పేరు మీదనే గద పోయేది,” అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. చాలాకాలంగా లోపల సిద్ధంగా ఉన్నట్టు నోట్లోంచి ఊడిపడింది. నా స్నేహితురాలు ముఖం ఎర్రగా చేసుకుంది.

“ఏందక్కా గట్లంటవ్?” అంది. “నువ్వు నాకోసం రాస్తున్నవని నేననుకున్న.”

రికార్డు తీసుకొని వెళ్లిపోయింది. నేను ఆమె వెనక లేచి పోలేదు. సాయం అనుకున్నది ఏమిటో అప్పుడు కనిపించింది. ఆమె అట్ట కింద, ఆమె పేరు చాటున, నా తెలివికి ఏ ప్రమాదమూ లేకుండా నేను ఆడుకున్నాను. దానికి ఆమె ఛాయ్ కూడా తాగించింది.

మేడం బంతి తెచ్చి మళ్లీ తలుపుకు పెట్టింది. తాపీగా కూర్చుంది. “నీ రికార్డుల మొదటి పాఠం ఏంది?”

అప్పటిదాకా ఎవరూ అడగలేదు. రికార్డు ఎందుకివ్వలేదనే అడిగారు.

“చేపల శ్వాస,” అన్నాను. గొంతు పట్టుకుంది. గొంతులోనే, మేడం వెతకమన్న చోటు అది.

*

మా మొదటి పాఠానికి దొరికిన బడి మా ఊరి పక్కనే. ఏడో తరగతి, శ్వాసక్రియ. నిజం చేపను తెచ్చి మొప్పలు చూపిస్తే పాఠం బాగుంటుందని లెక్చరర్ సారు అన్నాడు. మా ఇంట్లో చేపలకు కొదవా? కానీ నేను చార్టు గీశాను. లైబ్రరీ పుస్తకంలోని సముద్రపు చేప బొమ్మ చూసి, రంగులు వేసి, భాగాలకు పేర్లు పెట్టి. నిజం చేప తెస్తే చేతికి వాసన అంటుతుంది. ఆ వాసన నుంచి దూరం పోవడానికే నేను అన్ని పుస్తకాలు చదివానేమోనని అప్పుడు నాకు తట్టలేదు.

పాఠం బాగానే నడిచింది. “చేపలు మొప్పలతో, నీటిలో కరిగిన గాలిని పీల్చుకుంటాయి. నీటి నుంచి బయటికి తీస్తే వెంటనే చనిపోతాయి,” అని చెప్పాను. మూడో బెంచీలో రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది.

“టీచర్, కొర్రమట్ట చావది.”

“అన్ని చేపలూ అంతే.”

“లేదు టీచర్. నీళ్లల్లకెళ్లి తీసినా పొద్దుగూకేదాక ఉంటది. నోరు పైకి పెట్టి గాలి పీలుస్తది. నేను చూసిన. మీ అమ్మనడుగుండ్రి, మీ అమ్మ కాడనే మా బాపు కొంటడు.”

క్లాసంతా నవ్వింది. వెనక లెక్చరర్ సారు తలెత్తి చూశాడు.

ఆ పిల్ల చెప్పింది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కొరమీను అని కూడా అనే ఆ కొర్రమట్టలను అమ్మ మూతి తడిచేంత నీళ్లున్న టబ్బులో వేసి, ఎగిరి దూకకుండా మీద వల కప్పుతుంది. చిన్నప్పుడు నేను ఆ టబ్బు పక్కనే పడుకునేదాన్ని. అవి పైకి వచ్చి గాలి మింగే చప్పుడు నాకు నిద్ర పట్టించేది. ఆ చేపకు మొప్పలే కాక తల లోపల గాలి నిలుపుకునే గదులుంటాయని కూడా లైబ్రరీలోనే చదివాను. అంటే ఇంటి నుంచీ తెలుసు, పుస్తకం నుంచీ తెలుసు.

“మనం ఇక్కడ మా అమ్మ గురించి కాదు, సైన్సు గురించి మాట్లాడుకుంటున్నాం,” అన్నాను. అది నా నోటి భాష కూడా కాదు. “అలాంటి చేప లేదు. కూర్చో.”

ఆ పిల్ల కూర్చుంది. నవ్వులు ఆగిపోయాయి. గంట కొట్టాక లెక్చరర్ సారు నా చేతికిచ్చిన చీటీలో ‘క్లాసు అదుపు బాగుంది’ అని రాశాడు.

ఆ చీటీని మొదటి పాఠం పేజీకి అతికించాలి. కింద నా అభిప్రాయం రాయాలి.

ఇదంతా చెప్పి, మేడం ఏదైనా ఓదార్పు మాట అంటుందని ఎదురుచూశాను. ఆమె అనలేదు.

“గా పిల్ల చెప్పింది నిజమని నీకు అప్పుడే తెలుసా?”

“తెలుసు.”

“మరి గా ఆఖరు గడిల ఏం రాయాలెనో తెల్వక ఆగలేదు నువ్వు. తెలిసే ఆగినవ్.” నా కాగితాలు తిరిగి నా చేతికిచ్చింది. “మొదటి గడి వదిలెయ్. ఆఖరుది ముందు రాయి. ఒక్కదానివే కూసోకు. ఒక్కదానివే కూసుంటే మళ్ల లైబ్రరీకి పోతవ్. ఇప్పుడొచ్చి పోయిన పిల్లను పక్కన కూసోబెట్టుకో. ఆమెది ఆమె రాయాలె, నీది నువ్వు రాయాలె. నేనైతే రికార్డు చూడ. నాకు చూపిద్దామని రాస్తవ్ మళ్ల.”

*

మర్నాడు ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం నేనే పోయి, ఇకమీద ఆమె రికార్డు రాయలేనని చెప్పాను. మిగిలిన పాఠాలు ఇంకా చాలా ఉన్నాయి.

“గిప్పుడు చెప్తవా?” అంది. “అందరు ఇచ్చి కూసున్నంక?”

“తప్పే చెల్లె.”

“తప్పేనంటే నా గడులు నిండుతయా?”

“పక్కన కూసుంట. అడిగింది చెప్త. రాసుడు మాత్రం నువ్వే.”

“నా దస్తూరి కోడి గీకినట్టుంటది.”

“ఉండనియ్. నాదైతే ఒక్క అక్షరం లేదు.”

ఆమె కోపంగానే పిల్లను నా చేతికిచ్చింది. మెట్ల కింద నీడలో చున్నీ పరిచి, పిల్లను పడుకోబెట్టి, చెరో పక్క కూర్చున్నాం. నేను చివరి గడి తెరిచాను. రాశాను, కొట్టేశాను. మళ్లీ రాశాను. ‘సందర్భానుసారంగా విద్యార్థి జ్ఞానాన్ని వినియోగించుకోలేకపోయాను’ అని వచ్చింది. అది కూడా దాక్కోవడమే. కొట్టేశాను.

“చూడుండ్రి, లైబ్రరీ అక్క కొట్టివేతలు!” అని నా స్నేహితురాలు మెట్లెక్కేవాళ్లకు వినపడేలా అరిచింది. ఆ మాత్రం కక్ష తీర్చుకునే హక్కు ఆమెకుంది. తర్వాత వంగి, చివరికి నేను ఉంచిన వాక్యాలు చదివింది. ‘కొర్రమట్ట నీటి బయట బతుకుతుందని ఒక విద్యార్థిని చెప్పింది. అది నిజం. నాకు తెలుసు. మా అమ్మ చేపలమ్ముతుందని క్లాసులో అందరికీ తెలిసిపోయినందుకు సిగ్గుపడి, లేదన్నాను.’

“నిజంగనే గట్లన్నవా పోరిని?”

“అన్న.”

“మీ అమ్మ చేపలమ్ముతదని ఇబ్రహీంపట్నంల ఎవరికి తెల్వదక్కా? ఎవరి కాడ దాస్తున్నవ్?”

ఆ తర్వాత చెయ్యి కదిలింది. బాగా కదిలిందని చెప్పను. మధ్యలో మూడుసార్లు ఏదో సాకుతో లేచిపోబోయాను. ఒకసారి నిజంగానే లైబ్రరీ మెట్ల దాకా పోయాను కూడా. ఆమె ఫోన్ చేసి, “పోరి ఏడుస్తుంది, ఎత్తుకుంటందుకు రా” అని పిలిచింది. వచ్చాక పిల్ల నవ్వుతోంది.

లెక్చరర్ సారు సంతకానికి పోతే, ఆ గడి దగ్గర ఆగాడు. “ఇది ఎందుకమ్మా? బయటోళ్లు చూస్తరు. క్లాసు అదుపు బాగుందని నేనే రాసిన గద. తీసేసి, మంచిగ రాసుకరా.”

మంచిగా రాయడం నాకు రెండు నిమిషాల పని. చెయ్యి అప్పటికే పెన్ను వైపు పోయింది.

“ఉండనియ్యుండ్రి సార్,” అన్నాను.

ఆయన భుజాలెగరేసి సంతకం పెట్టాడు. మిగిలింది మొదటి పాఠం చెప్పిన బడి ముద్ర. గడువు ఆ రోజు సాయంత్రం దాకే.

*

హెడ్మాస్టరు ఆఫీసు గదిలో ముద్ర ఒక్క నిమిషంలో పడింది. ఆయన గడి చదవలేదు, పేజీ తిప్పలేదు. ఇక నేను బస్సెక్కి కాలేజీకి పోతే చాలు. వరండాలో ఏడో తరగతి ముందు నుంచి పోవాల్సి వచ్చింది. వాళ్ల టీచరు సెలవులో ఉన్నట్టుంది, లోపల గోలగోలగా ఉంది. రెండు జడల పిల్ల కిటికీ పక్కనే కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడి, “నమస్తే టీచర్” అంది నవ్వుతూ. కోపం ఉంటుందనుకున్నాను. అది లేకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

నేను లోపలికి వెళ్లాను. క్లాసు సద్దుమణిగింది.

“ఆనాడు నువ్వు కొర్రమట్ట గురించి చెప్పింది నిజమే,” అన్నాను. అందరికీ వినపడేలా అనాలనుకున్నాను గానీ గొంతు సగమే లేచింది. “నాకు తెలుసు. లేదన్న. తప్పు నాది.”

“మంచిదే టీచర్,” అంది ఆ పిల్ల, నన్ను ఓదారుస్తున్నట్టు. “మీరు లేదన్నరు గదా అని నేను పరీక్షల గట్లనే రాసిన. అన్ని చేపలు నీళ్ల బయట చస్తయని. మార్కులేసిండ్రు.”

సంతోషంగా చెప్పింది. కళ్లతో చూసినదాన్ని కాదని రాస్తే మార్కులు వస్తాయని ఈ పిల్లకు నేర్పింది నేను. నేను ఎక్కడ నేర్చుకున్నానో గానీ, ఇంకొకరికి నేర్పడానికి నాకు ఒక్క పాఠం సరిపోయింది. అదీ మొదటి పాఠం.

“టీచర్,” అంది మళ్లీ. ఇప్పుడు నవ్వడం లేదు. “మరి ఈసారి పరీక్షల ఏది రాయాలె?”

రేపు చెప్తా, అనబోయాను. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది. లైబ్రరీకి పోయి, చూసి, సరిగ్గా ఎలా చెప్పాలో ఆలోచించుకొని. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. గొంతులో అదే ముడి. ఈసారి దాన్ని గుర్తుపట్టాను.

చాక్‌పీసు తీసుకొని బోర్డు మీద చేప బొమ్మ గీశాను. వంకరగా వచ్చింది. పాములాంటి తల, నీటి పైకి తేలిన నోరు. “చాలా చేపలు నీళ్ల బయట బతకవు. గది నిజమే. కొర్రమట్ట బతుకుతది, పైకొచ్చి గాలి పీలుస్తది. గది గుడ నిజమే. రెండూ రాయి. నువ్వు చూసినవని గుడ రాయి.”

“మార్కులు కోస్తేనో?”

“కోస్తే నా కాడికి రా. నేనొచ్చి మీ సారుతోని మాట్లాడ్త.”

“మీరు యాడుంటరు టీచర్?”

“చెరువు మలుపు కాడ,” అన్నాను. “మా అమ్మ చేపలమ్మే కాడ.”

సాయంత్రం ఆఫీసు మూసేముందు రికార్డు ఇచ్చాను. ఫైనల్ లెసన్‌కు నన్ను రానిచ్చారు. ఆ పిల్ల మార్కుల కోసం ఎప్పుడూ రాలేదు. వాళ్ల బాపు మాత్రం ఇప్పటికీ మా అమ్మ దగ్గరే కొంటాడు. ఆయన వచ్చినప్పుడల్లా, నేను అక్కడే ఉంటే, బిడ్డ పరీక్షలో ఏం రాసిందో అడగాలనుకుంటాను. కొర్రమట్టను పట్టి తూకంలో వేసిస్తాను, చేతికి వాసన అంటుతుంది. అడగడం మాత్రం ఇంకా కాలేదు.